అమ్మ మంచం పక్కకి క్లాక్ రేడియో

మా అమ్మ పుట్టింది 1948లో. విజయవాడ ఆకాశవాణి మొదలైంది కూడా ఆ ఏడాదే, డిసెంబర్ 1న. ఈ మాట ఆవిడే అందరికీ చెబుతూ ఉంటుంది. పొద్దున్నే 837 కిలోహెర్ట్జ్‌లో భక్తిరంజని వినకపోతే ఆవిడకి తెల్లారినట్టే ఉండదు. రాత్రి పడుకునే ముందు మాత్రం ఐపాడ్ కావాలి. అందులో నాన్న పద్యాలున్నాయి. సత్యనారాయణపురంలో అద్దెకున్న రోజుల్లో నాన్న క్యాసెట్‌లో రికార్డ్ చేసుకున్నవి. నాన్న పోయాక అన్నయ్య వాటిని తన పాత ఐపాడ్ క్లాసిక్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. ఒక పద్యం మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తుంది, వెంటనే "ఆపవే అది" అని నాన్న గొంతు. అమ్మ అక్కడికి రాగానే ప్రతిసారీ నవ్వుతుంది.

మూడు నెలల కిందట ఓ రాత్రి ఇయర్‌ఫోన్ వైరు మెడకి చుట్టుకుని అలాగే నిద్రపోయింది. చూడగానే నా గుండె ఆగినంత పనైంది. ఐపాడ్ గుచ్చితే పాడేది, రేడియో ఉన్నది, అలారం మోగేది ఒకటి మంచం పక్కన పెట్టాలని ఆ రోజే అనుకున్నాను. ఫోన్ ఉందిగా అని చాలామంది అన్నారు. అమ్మ ఫోన్ రాత్రిపూట హాల్లోనే ఉండాలి. తలగడ పక్కనుంటే అర్ధరాత్రి ఏ మెసేజ్ మోగినా ఎవరికేమైందోనని టెన్షన్ పడి తెల్లవార్లూ కూర్చుంటుంది.

అన్నయ్య డాలస్ నుంచి వస్తూ అక్కడ ఎవరో వాడేసిన అలాంటి క్లాక్ రేడియో ఒకటి కొని తెచ్చాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. 120 వోల్టులది కాబట్టి గవర్నర్‌పేటలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని తగిలించాం. రాత్రి పదింటికి టైమ్ సరిగ్గా పెట్టాం. పొద్దున ఆరింటికి చూస్తే 4:40 చూపిస్తోంది! అలాంటి గడియారం కరెంటులో వచ్చే సైకిళ్లని లెక్కపెట్టుకుంటూ నడుస్తుంది. అమెరికాలో సెకనుకి 60, మనకి 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది గానీ 50ని 60 చెయ్యలేదు. అందుకే గంటకి పది నిమిషాలు వెనకబడింది.

రేడియో సంగతీ అంతే. ఎఫ్ఎంలో 98.3 వస్తుంది, 93.5 వస్తుంది. మన ఆకాశవాణి రెయిన్‌బో 102.2 మాత్రం దొరకదు. 102.1 దాటితే నేరుగా 102.3కి దూకుతుంది, ఎందుకంటే అమెరికా స్టేషన్లన్నీ బేసి అంకెల మీదే ఉంటాయి. భక్తిరంజని వచ్చే మీడియం వేవ్‌లో స్టేషన్ల మధ్య వాళ్లది పది పది కిలోహెర్ట్జ్‌ల మెట్టు, మనది తొమ్మిది తొమ్మిది. 830, 840 ఉన్నాయి, 837 లేదు. అన్నయ్య మొహం చిన్నబోయింది. అమ్మ మాత్రం "పోన్లేరా, చెల్లి ఇక్కడే చూస్తుందిలే" అంది.

నాకూ అప్పటిదాకా ఇవేమీ తెలియవు. క్లాసిక్‌కి కింద ఉండేది 30 పిన్నుల వెడల్పాటి మూతి. 2012లో యాపిల్ సన్నటి లైట్నింగ్ పిన్ను తెచ్చాక డాక్‌లు, అంటే ఐపాడ్‌ని గుచ్చే గూళ్లు, కూడా దానికే తయారయ్యాయి. 2022 మేలో ఐపాడ్‌లే ఆపేశారు. అంటే మాకు కావాల్సింది పాతవాటిలోనే దొరకాలి. మామూలు ఆక్స్ వైరుతో పాట వస్తుంది కానీ ఐపాడ్ ఛార్జ్ అవ్వదు, క్లాక్ రేడియో మీది బటన్ నొక్కితే పాట మొదలవ్వదు. చీకట్లో ఆ చిన్న చక్రాన్ని వేలితో తిప్పడం అమ్మ వల్ల కాదు. అందుకే డాక్ కోసం అంత పట్టుబట్టాను.

గవర్నర్‌పేటలో సెకండ్‌హ్యాండ్ సామాన్ల షాపులు రెండు శనివారాలు తిరిగాను. "ఇవిప్పుడు ఎవరడుగుతున్నారు మేడమ్, బ్లూటూత్ స్పీకర్ తీసుకోండి" అన్నవాళ్లే ఎక్కువ. చివరికి ఒకాయన అటక మీంచి దుమ్ముపట్టిన పెట్టె దించాడు. దుబాయ్ నుంచి ఎవరో తెచ్చుకున్నదట. తిరగేసి చూశాను. 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉంది. దాని పక్కనే మీడియం వేవ్ మెట్టు మార్చడానికి 9, 10 అని చిన్న స్విచ్. ఆ 9 చూడగానే ప్రాణం లేచొచ్చింది.

అయినా అక్కడికక్కడే అన్నీ పరీక్షించాకే డబ్బులిచ్చాను. సంచిలో తీసుకెళ్లిన ఐపాడ్ గుచ్చాను. ఊగకుండా నిలబడింది, ఛార్జింగ్ గుర్తు వచ్చింది. ప్లగ్గు పీకి ఐదు నిమిషాలు ఆగాను. లోపలి బ్యాటరీ వల్ల టైమ్ చెరిగిపోలేదు. కౌంటర్ కింద చీకట్లో పెట్టి అంకెల వెలుగు చూశాను. కంటి ఆపరేషన్ అయ్యాక అమ్మకి నీలం లైటు సూదుల్లా గుచ్చుకుంటుంది. దీనివి ఎర్రంకెలు, బాగా తగ్గించుకోవచ్చు. అలారం ఆపే మీట అరచేయంత వెడల్పు. తడుముకున్నా దొరుకుతుంది. 1,800 రూపాయలు. నాకది ఎక్కువనిపించలేదు.

ఇంటికొచ్చాక ఒక్క ఇబ్బంది బయటపడింది. ఐపాడ్ డాక్‌లో ఉంటే 837లో సన్నగా జుయ్యిమని రొద. తీసేస్తే మాయం. ఐపాడ్ లోపలి సర్క్యూట్ల రొదని మీడియం వేవ్ లాగేసుకుంటుందట. పక్క సాకెట్‌లోని ఫోన్ ఛార్జర్ పీకేశాను, రేడియోని కిటికీ వైపు కాస్త తిప్పి పెట్టాను. కొంచెం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

అమ్మ దీన్ని పెద్ద విషయంగా తీసుకోలేదు. రాత్రి నాన్న పద్యాలు పెట్టుకుని, అరగంటలో ఆగిపోయేలా స్లీప్ టైమర్ నొక్కి పడుకుంటుంది. తెల్లవారుజామున రేడియో ఆ రొదతోనే మొదలవుతుంది. అమ్మ కళ్లు తెరవకుండానే చెయ్యి చాపి, ఐపాడ్‌ని మెల్లగా పైకి తీసి తలగడ పక్కన పెట్టుకుంటుంది. అప్పుడు భక్తిరంజని స్పష్టంగా వినిపిస్తుంది, వంటింట్లో ఉన్న నాకు కూడా.