కణితిలోని కణాలన్నీ ఒకటి కావు

నాకు వచ్చింది పెద్దపేగు కుడివైపు క్యాన్సర్. ఎడమవైపు వస్తే మలంలో రక్తం కనిపిస్తుంది, మలబద్ధకం పట్టుకుంటుంది, మనిషి భయపడి డాక్టరు దగ్గరికి వెళతాడు. కుడివైపు పేగు వెడల్పుగా ఉంటుంది, అక్కడ మలం ఇంకా పలచగానే ఉంటుంది. అందుకే కణితి పెరుగుతున్నా దారి అంత తొందరగా మూసుకుపోదు. రక్తం మాత్రం కొద్దికొద్దిగా, కంటికి కనపడకుండా పోతూనే ఉంటుంది. నాకు తెలిసిందల్లా ఆయాసమే. ఖమ్మంలో మా కాలేజీ మెట్లెక్కి వెళ్లాక పాఠం మొదలుపెట్టే ముందు కాసేపు కుర్చీలో కూర్చోవాల్సి వచ్చేది. హిమోగ్లోబిన్ ఎనిమిది దగ్గరే ఉండిపోయింది.

మొదట చూపించుకున్న చోట "ఈ వయసు ఆడవాళ్లకి మామూలేనమ్మా" అని ఐరన్ మాత్రలు రాశారు. అప్పుడు నాకు 46 ఏళ్లు. మాత్రలు వేసుకున్నంత కాలం రక్తం కాస్త పెరిగేది, ఆపగానే పడిపోయేది. ఒంట్లోని ఐరన్ ఎటు పోతోందని ఎవరూ అడగలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు. నెలసరి ఇంకా ఆగని ఆడదానికి రక్తం తక్కువగా ఉంటే కారణం వెతకక్కర్లేదనుకోవడం చాలామంది ప్రాణం మీదికి తెస్తోంది. చివరికి ఇంకొక డాక్టరమ్మ మలంలో కంటికి కనపడని రక్తం ఉందేమో చూసే పరీక్ష రాశారు. అది పాజిటివ్ వచ్చింది. వెంటనే గొట్టం కెమెరాతో పేగు లోపల చూసే కొలనోస్కోపీ, చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ.

ఆపరేషన్ హైదరాబాద్‌లో జరిగింది. చిన్నపేగు చివరి కొస, పెద్దపేగు కుడి సగం తీసేసి మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టారు. తీసిన ముక్కతో పాటు వచ్చిన లింఫు గ్రంథుల్లో కనీసం 12 పరీక్షించాలన్నది పద్ధతి. నావి 21 చూశారు, రెండింటిలో క్యాన్సర్ కణాలున్నాయి. అంటే మూడో స్టేజ్.

మా నాన్న మిరప రైతు. వార్డులో మంచం పక్కన కూర్చుని ఆయన అడిగింది ఒక్కటే: "మొత్తం తీశారా తల్లీ? తుంగ పీకితే పైది చేతిలోకొస్తుంది, గడ్డ మట్టిలోనే ఉంటుంది." సర్జన్ గారిని నేనూ అదే అడిగాను. "కంటికీ స్కాన్‌కీ కనపడిందంతా తీసేశాం మేడమ్. కనపడనిది ఉంటే దాని కోసమే కీమో" అన్నారు. ఆ కనపడనిది ఏమిటో తెలుసుకోకుండా నాకు నిద్ర పట్టలేదు. నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను కాబట్టి చదవడం మొదలుపెట్టాను.

పెద్దపేగు లోపలి పొర చూడ్డానికి నున్నగా ఉంటుంది. మైక్రోస్కోపులో చూస్తే లక్షల కొద్దీ సన్నని గుంతలు. వాటిని క్రిప్టులంటారు. ఒక్కో గుంత అడుగున కొన్ని మూలకణాలు ఉంటాయి. అవి విభజన చెందుతుంటే కొత్త కణాలు పైకి జరుగుతాయి, జరుగుతూనే నీళ్లు పీల్చుకోవడానికో జిగురు తయారు చేయడానికో సిద్ధమవుతాయి. నాలుగైదు రోజుల్లో అంచుకు చేరి రాలిపోతాయి. అంటే పోయిన వారం ఉన్న పొర ఈ వారం లేదు. అడుగునున్న మూలకణాల సంతతి మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో హాన్స్ క్లెవర్స్ బృందం 2007లో ఈ కణాలను వాటి మీద ఉండే ఎల్‌జీఆర్5 అనే ప్రోటీన్ గుర్తు ద్వారా పట్టుకుంది. రెండేళ్ల తర్వాత వాళ్లే ఎలుకల్లో ఈ మూలకణాల నుంచి, పెరుగుదలకు పగ్గం వేసే ఏపీసీ అనే జన్యువును తీసేసి చూశారు. కొన్ని వారాల్లోనే పేగులో అడినోమాలు, అంటే ముందుముందు క్యాన్సర్‌గా మారగల గడ్డలు, పెరిగాయి. అప్పటికే పైకి బయలుదేరిన కణాల్లో అదే జన్యువు తీసేస్తే పెరుగుదల చాలావరకు ఆగిపోయింది. ఆలోచిస్తే అర్థమవుతుంది. ఐదు రోజుల్లో రాలిపోయే కణానికి చెడిపోయేంత సమయం ఎక్కడిది? ఏళ్ల పాటు ఉండిపోయేదానికే ఒక దాని మీద ఒకటి తప్పులు పేరుకునే వీలుంటుంది.

కణితి సంగతి కూడా 2007లోనే బయటపడింది. టొరంటోలో జాన్ డిక్ బృందం, రోమ్‌లో రుజెరో డి మారియా బృందం విడివిడిగా మనుషుల పెద్దపేగు కణితుల నుంచి కణాలు తీసి ఎలుకల్లో పెట్టి చూశారు. అన్నీ కొత్త కణితిని పుట్టించలేదు. టొరంటో లెక్కలో సుమారు 57 వేల కణాల్లో ఒక్కదానికే ఆ శక్తి ఉంది. సీడీ133 అనే గుర్తున్న కణాలను వేరుచేసి చూస్తే అలాంటివి ఇంకా ఎక్కువగా దొరికాయి. క్యాన్సర్ మూలకణాలు అన్నది వీటినే. ఫోన్‌లో ఇదంతా చెబితే నాన్న "అదేగా నేనన్నది" అన్నారు.

అప్పటికి కీమో నడుస్తోంది. మూడు వారాలకోసారి ఆక్సాలిప్లాటిన్ సెలైన్‌లో ఎక్కించేవారు, తర్వాత రెండు వారాలు కేపసిటబిన్ మాత్రలు. ఆక్సాలిప్లాటిన్ ఎక్కితే చల్లదనం పడదు. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే వేళ్లలో కరెంటు కొట్టినట్టుంటుంది, చల్లని నీళ్లు గుటక వేస్తే గొంతు బిగుసుకుంటుంది. ఖమ్మం ఎండలు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్‌లో నేను కుండ నీళ్లు కూడా ముట్టలేక గోరువెచ్చని నీళ్లు తాగాను. మాత్రల వల్ల అరచేతులు ఎర్రబడి చర్మం ఊడింది. చింతపండు పిసకడం, గిన్నెలు తోమడం అన్నీ మా ఆయనే చూసుకున్నారు. విరేచనాలు, నోటి పుళ్లు సరేసరి. వేగంగా విభజన చెందే ప్రతి కణం మీదా ఆ మందు పడుతుంది, పేగు పొర మీదా పడుతుంది.

గ్రంథులకు పాకినా తీవ్రత మరీ ఎక్కువ లేని నాలాంటి వాళ్లకు ఈ రెండు మందులూ మూడు నెలలిస్తే దాదాపు ఆరు నెలలంత ఫలితం ఇస్తాయని 2018లో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది. అందుకే నాకు మూడు నెలలతో ఆపారు. వేళ్ల తిమ్మిరి ముదరకుండా ఉండడానికి అదే కారణమని నా నమ్మకం.

కీమో అయ్యాక చదివిన 2017 నాటి పని నన్ను బాగా కలవరపెట్టింది. అమెరికాలోని జెనెన్‌టెక్ అనే మందుల కంపెనీలో శాస్త్రవేత్తలు ఎలుకల పేగు కణితుల్లో ఎల్‌జీఆర్5 ఉన్న కణాలను మాత్రమే ఏరి చంపారు. కణితి పెరగడం ఆగింది గానీ కరిగిపోలేదు. చంపడం ఆపగానే మిగతా మామూలు క్యాన్సర్ కణాల్లోనే కొన్ని వెనక్కి మారి మళ్లీ మూలకణాలయ్యాయి, కణితి మళ్లీ పెరిగింది. నాన్న చెప్పిన తుంగ లెక్క ఇక్కడ సరిపోదు. గడ్డ తీసేస్తే ఆకే గడ్డగా మారుతోంది. కాలేయానికి చేరిన కణితుల్లో మాత్రం ఆ మూలకణాలను తొలగిస్తే పెరుగుదల బాగా దెబ్బతింది. పేగు రక్తం ముందు కాలేయానికే వెళుతుంది కాబట్టి మా బోటి వాళ్ల భయమంతా అక్కడే. 2022లో బార్సిలోనాలో ఎడ్వర్డ్ బాట్లే బృందం ఇంకొకటి చూపింది, ఇదీ ఎలుకల్లోనే. ఆపరేషన్ తర్వాత కాలేయంలో దాగి మళ్లీ జబ్బు తెచ్చే కణాలు, అక్కడికి చేరినప్పుడు మూలకణాల్లా ఉండవట. స్థిరపడి పెరిగే క్రమంలో అలా మారతాయట.

ఇది చదివి చాలా భయపడ్డాను. తర్వాత ఒక విషయం దొరికింది, దాని మీదే ఇప్పుడు నా ఆలోచనంతా ఉంది. ఇలా వెనక్కి మారే గుణం క్యాన్సర్ కనిపెట్టింది కాదు. ఆరోగ్యంగా ఉన్న పేగులోనూ అడుగునున్న మూలకణాలు దెబ్బతింటే, పైకి బయలుదేరిన కణాలు కొన్ని తిరిగి మూలకణాలుగా మారి గుంతను నింపుతాయి. కీమో నా పేగు పొరను అంత పాడుచేసినా, ఆపిన కొన్ని వారాలకే పెరుగన్నం మంట లేకుండా దిగడానికి ఆ మరమ్మతు శక్తే కారణం. కణితి వాడుకుంటున్నదీ దాన్నే. అందుకే ఒక గుర్తు చూసి ఒక రకం కణాన్ని చంపే మందు ఒక్కటే సరిపోతుందని నేను అనుకోవడం లేదు. వెనక్కి మారమని చెప్పే చుట్టుపక్కల సంకేతాలను కూడా అడ్డుకోవాలి. ఇప్పుడు "మూలకణాలతో క్యాన్సర్ నయం" అని వాట్సాప్‌లో ఎవరైనా పంపితే నేను పెద్ద జవాబే రాస్తున్నాను. డబ్బులు పోగొట్టుకునేది జబ్బు మనుషులే.

ఇప్పుడు జబ్బు తిరిగొస్తోందేమో చూసే సీఈఏ రక్తపరీక్ష, ఏడాదికోసారి స్కాన్ నడుస్తున్నాయి. రిపోర్ట్ వచ్చే ముందు రోజు టెన్షన్ ఏమీ తగ్గలేదు. పొద్దున్నే లకారం చెరువు కట్ట మీద వేగంగా నడుస్తాను. 2025లో వచ్చిన ఛాలెంజ్ అనే అధ్యయనంలో, కీమో అయిన 889 మందిలో సగం మందికి మూడేళ్ల పాటు పద్ధతిగా వ్యాయామం చేయించారు. ఐదేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవాళ్లు వ్యాయామం చేసినవారిలో 80 శాతం, మిగతావారిలో 74 శాతం. మందు కాదు, నడక లాంటిదే ఆ తేడా తెచ్చింది.

కుటుంబంలో పేగు క్యాన్సర్ ముప్పు పెంచే వంశపారంపర్య లించ్ సిండ్రోమ్ లక్షణాలు నా కణితి పరీక్షలో కనపడలేదు. అయినా నాకు 46కే వచ్చింది కాబట్టి తోడబుట్టినవాళ్లు అంతకు పదేళ్ల ముందు నుంచే, అంటే 36 నుంచే కొలనోస్కోపీ చేయించుకోవాలని డాక్టర్ గారు చెప్పారు. మా తమ్ముడికి 41. "నాకేం లేదక్కా, బాగానే ఉన్నాను" అంటూ వాయిదా వేశాడు. మరదలు, నేను కలిసి తీసుకెళ్లాం. పాలిప్ అనే చిన్న బుడిపె ఒకటి దొరికింది, అప్పుడే కత్తిరించి తీసేశారు. అది అడినోమా అని, క్యాన్సర్ మాత్రం లేదని రిపోర్ట్ వచ్చింది. మళ్లీ ఎప్పుడు రావాలో రాసిచ్చిన కాగితం మరదలు ఫ్రిజ్ మీద అంటించింది.