రాకెట్ మళ్ళీ పట్టాలు తప్పింది

స్టీఫెన్‌సన్ పాత ఆవిరి రైలింజన్ 'రాకెట్'కి నేను చేసిన చిన్న నమూనా ఇది. అదే వంపు, అదే వెనక ఎడమ చక్రం. సత్యనారాయణపురంలో మా డాబా మీద పొద్దున్నే మొదలుపెట్టి పదకొండు ట్రయల్స్ వేశాను, ఎనిమిదిసార్లు పడింది. ఆ తర్వాత ఎండకి కాళ్ళు నిలవలేదు.

బాయిలర్ గురించి బెంగ లేదు. నీళ్ళ ప్రెషర్ పెట్టి చూస్తే 25 రాగి గొట్టాల్లో ఒక్కటీ కారలేదు. ప్రస్తుతం ఆవిరి బదులు కంప్రెసర్ గాలితోనే నడుపుతున్నాను.

గాలి ఒత్తిడి 10 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా బుద్ధిగా నడుస్తుంది. 14 దాటిందా, వెనకభాగం కుడికీ ఎడమకీ ఊగడం మొదలు. ముందు పట్టాలనే అనుమానించాను. అల్యూమినియం పట్టీలు ఎండకి సాగి ఒక జాయింటు 0.6 మి.మీ. లేచింది. పోస్ట్‌కార్డు ముక్కలు దూర్చి సరిచేశాను, మళ్ళీ పడింది. చక్రాల మధ్య దూరం మిటుటోయో కాలిపర్‌తో కొలిస్తే తేడా 0.1 మి.మీ. లోపే. వెనక 150 గ్రాముల సీసం పెడితే నాలుగు రౌండ్లు నిలిచింది. కానీ బరువు పెరిగి, కదిలేటప్పుడు ముందు చక్రాలు జారుతున్నాయి.

చివరికి ఫోన్‌లో స్లో మోషన్ తీశాను. ఎడమ పిస్టన్ తోసిన ప్రతిసారీ ఆ చక్రం దాదాపు 2 మి.మీ. పైకి లేస్తోంది!

తప్పు నా పంతంలోనే ఉంది. 1829 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని రెయిన్‌హిల్‌లో రైలింజన్ల పోటీ గెలిచిన రూపమే కావాలని సిలిండర్లను 38 డిగ్రీల వాలులో బిగించాను. ఆ వాలులో తోపులో 62 శాతం నిలువుగా పడుతుంది, దాని ఎదురుదెబ్బకి బండి వెనక లేస్తుంది. అసలు రాకెట్ కూడా వేగంలో ఇలాగే ఊగేది. అందుకే కొద్దికాలానికే సిలిండర్లను దాదాపు అడ్డంగా, 8 డిగ్రీలకు దించారు. అప్పుడు నిలువు తోపు 14 శాతమే. ఆటోనగర్ లేత్ మేస్త్రి మొదటిరోజే "ఇంత ఏటవాలేంటి సార్, ఎగరదూ?" అన్నాడు. చరిత్ర చెప్పి అతని నోరు మూయించాను.

అయినా పూర్తిగా దించను. పసుపు రంగు, ఏటవాలు సిలిండర్లు లేకపోతే అది పోటీ గెలిచిన బండి ఎలా అవుతుంది? రెండు వాలులకూ బెజ్జాలున్న కొత్త సైడ్ ప్లేట్లు 3 మి.మీ. ఇత్తడిలో కోయిస్తాను. వెనక ఇరుసుకి కాస్త మెత్తటి స్ప్రింగులు కూడా వేసి చూడాలి, ఇప్పుడున్నవి రాయిలా ఉన్నాయి.

ఇది తేలాక 1804 నాటి ట్రెవిథిక్ ఆవిరి రైలింజన్ నమూనా చేస్తాను. వేల్స్‌లోని పెనిడారెన్‌లో అసలు ఇంజన్ బరువుకి పోత ఇనుప పట్టాలే విరిగాయట, కాబట్టి ముందు డాబా మీది పట్టీలు మార్చాలి. సోమవారం ఆటోనగర్ వెళ్తున్నాను.