తెర మీద 5, పిలగాని ఒంట్లో 9.5

నల్గొండలో ఒక స్కానింగ్ సెంటర్‌లో సీటీ మెషిన్ మీద పనిచేస్తాను. స్కాన్ అయ్యాక చివర్న డోస్ పేజీ అని ఒకటి వస్తుంది, మెషిన్ వాడిన ఎక్స్‌రే కిరణాల లెక్క. ఫిల్మ్‌లు ప్రింటయ్యే హడావుడిలో దాన్ని చూసేవాళ్లు తక్కువ. పిల్లలకు తీసినప్పుడు నేను దాన్ని చూడకుండా వదలను.

దేవరకొండ వైపు నుంచి ఒక తండ్రి ఎనిమిదేండ్ల కొడుకును తీసుకొచ్చాడు. కడుపు సీటీ. "సారూ, గింత బక్కపిలగానికి ఏమన్నా అయితదా?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు.

పేజీలో సీటీడీఐ-వాల్యూమ్ (మెషిన్ చూపించే డోసు అంకె) 5 మిల్లీగ్రేలు అని పడింది. మిల్లీగ్రే అంటే కిరణాల డోసుకు కొలత. ఆ 5 పిలగాడిది కాదు, అక్రిలిక్ అనే ప్లాస్టిక్ దిమ్మెది. ఫాంటమ్ అంటాం. తలకైతే 16 సెంటీమీటర్ల వ్యాసం, ఒంటికైతే 32. దాని నడుమ, అంచుల వెంట ఉన్న రంధ్రాల్లో 100 మిల్లీమీటర్ల పెన్సిల్ ఛాంబర్ (కిరణాల్ని కొలిచే సన్నటి సాధనం) పెట్టి కొలుస్తారు. మెషిన్ చూపించేది ఆ లెక్కనే. పెద్ద శరీరంలో పై కండ, కొవ్వు కొంత కిరణాల్ని ఆపేస్తాయి. బక్క పిల్లల్లో ఆపేందుకు ఏముంది? లోపలి అవయవాల దాకా పోతాయి.

అందుకే స్కాన్‌కు ముందు ఒంటిని చూసుకోడానికి తీసే స్కౌట్ బొమ్మల మీద స్కేలు పెట్టి కొలుస్తాను. పిలగాడు అడ్డంగా 20 సెంటీమీటర్లు, పొట్ట నుంచి వీపుకు 16. రెండూ గుణించి వర్గమూలం తీస్తే దాదాపు 18. అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2011లో ఇచ్చిన 204వ నంబరు రిపోర్టు పట్టికలో 18కి ఎదురుగా ఉన్న గుణకం 1.9. అంటే ఒంటి సైజును బట్టి డోసు సుమారు 9.5. తెర మీది అంకెకు దాదాపు రెట్టింపు!

భయపడాల్సినంత కాదు, అవసరమైన స్కానే. తండ్రికి అదే చెప్పాను. కానీ కేవీపీ, అంటే ఎక్స్‌రే ట్యూబుకిచ్చే వోల్టేజీ, 120 నుంచి 100కు దించితే, మిగతావి కదపకుండా, డోసు మూడోవంతుకు పైనే తగ్గుతుంది. బక్క ఒంటికి బొమ్మ కూడా చక్కగానే వస్తుంది. పెద్దవాళ్ల ప్రోటోకాల్ (మెషిన్ సెట్టింగులు) మీదే పిల్లల్ని స్కాన్ చేయడం నాకు అస్సలు మింగుడుపడదు.

మర్రిగూడ దిక్కు నుంచి ఫ్లోరోసిస్‌తో నడుము వంగిన ముసలోళ్లు వస్తారు, సాపుగా పడుకోలేరు. వాళ్లను దిండ్లు సర్ది గ్యాంట్రీ (మెషిన్ గుండ్రటి భాగం) నడిమధ్యకు తేవాలి. ట్యూబు వైపు జరిగితే స్కౌట్‌లో ఒళ్లు పెద్దగా కనబడి మెషిన్ తనంతట తానే ట్యూబు కరెంటు పెంచేస్తుంది, దాంతో డోసూ పెరుగుతుంది.

మీ పిల్లలకు సీటీ తీయిస్తే ఆ డోస్ పేజీ కూడా అడిగి తీసుకోండి. సీటీడీఐ పక్కన ఫాంటమ్ 16 అని ఉందో, 32 అని ఉందో చూడండి, ఆ అంకె ఏ దిమ్మెదో అప్పుడే తెలుస్తుంది.