టేప్ డెక్ బాగుచేయించబోతే అత్తయ్య గొంతు మారిపోయింది

నిన్న రాత్రి పదకొండున్నరకి డెక్ మూతకి ఆఖరి స్క్రూ బిగించాను. మళ్ళీ విప్పే పని పడదనే నమ్మకంతో రాస్తున్నాను.

ఇది 1986లో మా బాబాయి కువైట్ నుంచి తెచ్చిన టెక్నిక్స్ డెక్. పదిహేనేళ్ళుగా అటక మీదే ఉంది. దించి ప్లే నొక్కితే లోపల మోటారు తిరుగుతున్న చప్పుడు వచ్చింది గానీ క్యాసెట్టు కదల్లేదు. మూత తీశాను. రబ్బరు బెల్టు తారులా కరిగి, అది తిప్పే బరువైన చక్రానికి, అంటే ఫ్లైవీల్‌కి అంటుకుపోయింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రెండు డబ్బాల ఇయర్ బడ్లు, ఒక ఆదివారం ఖర్చయ్యాయి. అదే ఊపులో టేపుని చదివే హెడ్డూ, టేపుని నొక్కి లాగే పించ్ రోలరూ కూడా, బడ్డుకి గోధుమరంగు అంటడం ఆగేదాకా తుడిచేశాను. తెల్లచొక్కా వేసుకుని మాత్రం ఈ పనికి కూర్చోకండి.

అక్కడితో ఆగకుండా బెల్టు కూడా నేనే వేసేసుకుని ఉంటే ఈ గొడవంతా లేకపోయేది. ధైర్యం చాలక, ముప్పై ఏళ్ళ అనుభవం అని బోర్డు పెట్టుకున్న ఒక రిపేరు షాపులో ఇచ్చాను. రెండ్రోజులన్నాడు. పంతొమ్మిది రోజులు పట్టింది. 1,400 రూపాయలు.

తీసుకునే ముందు అక్కడే విని చూద్దామని ఒక టీడీకే డి60 క్యాసెట్టు పట్టుకెళ్ళాను. 1988 సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పేరంటంలో అత్తయ్య పాడిన పాటలు, ఈ డెక్‌లోనే రికార్డు చేసినవి. క్యాసెట్టు పెట్టాడు. శ్రుతిపెట్టె మొదలైంది, వెనకే అత్తయ్య గొంతు. కాదు, ఆవిడ గొంతు కాదది. ఎవరో పదేళ్ళ పిల్ల బస్సుకి టైమైపోతున్నట్టు హడావిడిగా పాడుతోంది.

"స్పీడు ఎక్కువుందండీ," అన్నాను.

"స్పీడు కరెక్టే సార్. మీ టేపు సాగిపోయింది."

"ఇది మా అత్తయ్య గొంతులా లేదండీ."

"వయసులో ఉన్నప్పుడు అలాగే ఉండేదేమో!"

కౌంటర్ దగ్గర మిక్సీ పట్టుకుని నిలబడ్డ ఇద్దరు నవ్వారు. స్క్రూడ్రైవర్ అందిస్తున్న కుర్రాడైతే, "ఫోన్లో వినీ వినీ సార్ చెవులు మారిపోయాయన్నా," అన్నాడు. నాకు యాభై ఒకటి. నోరు మూసుకుని డబ్బులిచ్చి, డెక్కుని చంకలో పెట్టుకుని వచ్చేశాను. ఇనప సామాను, ఎనిమిది కిలోలుంటుంది, మెట్రో ఎక్కేదాకా చెయ్యి లాగేసింది.

అమీర్‌పేట దాటాక వెలిగింది నాకు. టేపు సాగితే గొంతు మందగించి కిందికి దిగాలి గానీ, పైకెలా ఎక్కుతుంది? ఈ ముక్క అక్కడ అని ఉంటే మిక్సీల వాళ్ళు నా వైపు ఉండేవాళ్ళు.

చిన్నప్పుడు నాలుగేళ్ళు సంగీతం నేర్చుకున్నాను. ఆ చదువు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది. అత్తయ్యది ఎప్పుడూ ఐదు శ్రుతి (అంకె పెరిగితే శ్రుతి పైకి). టేపులో శ్రుతిపెట్టె మోగుతున్నప్పుడు ఫోన్లో శ్రుతి చూపించే ట్యూనర్ యాప్ పెట్టి చూశాను. ఆరు చూపించింది. ఐదు నుంచి ఆరుకి రెండు స్వరస్థానాలు, అంటే 12 శాతం ఎక్కువ స్పీడు. క్యాసెట్టు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి. 1963లో ఫిలిప్స్ వాళ్ళు మొదలుపెట్టిన దగ్గర్నుంచీ మామూలు డెక్కులన్నిటికీ అదే లెక్క. ముప్పై ఏళ్ళ అనుభవానికి ఇది తెలియదా?

మూత తీస్తే అసలు కథ తెలిసింది. పలచటి చదును బెల్టు ఉండాల్సిన చోట లావుపాటి చదరపు బెల్టు వేశాడు. మోటారు పుల్లీ వేలెడంత కూడా ఉండదు. దాని మీద బెల్టు మందం పెరిగితే పుల్లీ చుట్టుకొలత పెరిగినట్టే, స్పీడూ పెరుగుతుంది. అది చాలదన్నట్టు మోటారు వెనక చిన్న రంధ్రంలో ఉండే స్పీడు స్క్రూని కూడా తిప్పినట్టున్నాడు. దాని మీద కంపెనీ వేసిన ఎర్ర లక్క పగిలి ఉంది. అందుకే చెప్తున్నాను, డెక్ ఇచ్చే ముందు ఆ లక్కకి ఫోటో తీసి పెట్టుకోండి. ఇవ్వకుండా ఉంటే ఇంకా మంచిది.

పుల్లీ, ఫ్లైవీల్ చుట్టూ దారం తిప్పి కొలుచుకుని, దానికన్నా కాస్త పొట్టిగా ఉండే చదును బెల్టు కోసం కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళాను. మూడో దుకాణంలో దొరికింది, 120 రూపాయలు. వెయ్యడానికి పది నిమిషాలు పట్టింది. స్పీడు స్క్రూ దగ్గర మాత్రం గంటన్నర. వెంట్రుకవాసి తిప్పితే చాలు, ట్యూనర్‌లో ముల్లు అటూ ఇటూ దూకుతుంది. చివరికి ఐదు మీద నిలబడింది. గొంతు ఇంకా కాస్త లేతగానే అనిపించింది గానీ, అప్పుడావిడకి ముప్పై నాలుగేళ్ళే కదా అని సర్దుకున్నాను. షాపువాడన్న మాటే నేనూ అనుకున్నానని అప్పుడు తట్టలేదు.

మొన్న ఆదివారం అత్తయ్యని పిలిచి వినిపించాను. ఘనకార్యం చేసిన వాడిలా పక్కన నిలబడ్డాను. రెండు నిమిషాలు విని, "ఒరేయ్, ఇంకా పరిగెడుతోందిరా," అంది.

"ఐదులో పెట్టాను అత్తయ్యా, కొలిచి మరీ."

"ఆ రోజు నాకు పడిశం. ఐదు అందక నాలుగున్నరకి దించుకున్నాను. మీ అమ్మ మిరియాల పాలు కూడా ఇచ్చింది."

అంటే షాపువాడు తప్పింది నేననుకున్న దానికన్నా ఎక్కువే, అది వేరే విషయం. నేనూ తప్పాను. డి60 ఒక వైపు అరగంట వస్తుంది. గడియారం ముందు పెట్టుకుని ఒకసారి చివరిదాకా ఆడించి ఉంటే అప్పుడే తెలిసేది. నా సెట్టింగులో ఇరవై ఎనిమిదిన్నర నిమిషాలకే అయిపోతోంది.

నిన్న మళ్ళీ విప్పి నాలుగున్నరకి దించాను. ముప్పై నిమిషాలు దాటాక క్యాసెట్టు టక్కున ఆగింది. ఇవాళ పొద్దున ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి వినిపించాను. అత్తయ్య చివరిదాకా మాట్లాడకుండా విని, "ఇప్పుడు సరే. ఆ చరణంలో పైకి వెళ్ళినప్పుడు చూడు, పడిశం తెలుస్తోంది," అంది.