కుల్లూ మోహ్రా, నాలుగో రేకు: మళ్ళీ ముక్కు దగ్గరే పగులు

మళ్ళీ ముక్కు దగ్గరే పోయింది. ఎడమ ముక్కుపుట చెంపతో కలిసే గీత వెంట, 7 మి.మీ. పొడవున, వెంట్రుక మందాన చీలిక. దీపం వెనక పెట్టి చూస్తే వెలుతురు ఇవతలికి వస్తోంది. కనుబొమలు, పెదవులు, గడ్డం, మెడ మీది హారం అన్నీ చక్కగా కుదిరాయి. వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఈసారి రాసేదంతా ముక్కు సంగతే.

మోహ్రా చూడనివారికి ఒక్క మాట: కుల్లూ లోయలో దేవతల రథాల మీద వరసగా అమర్చే లోహపు ముఖాలు ఇవి. దసరాకు ఢాల్పూర్ మైదానానికి వచ్చే పల్లకీల మీద మెరిసేవి ఇవే. పోత పోసినవీ ఉన్నాయి, రేకును వెనక నుంచి కొట్టి ఉబ్బించినవీ ఉన్నాయి. నేను చేస్తున్నది రెండో రకం. ఇది చేతి సాధన కోసం చేస్తున్న ముఖమే. ప్రతిష్ఠ జరిగిన మోహ్రా సంగతి వేరు, దాని జోలికి పోను.

కొలతలు. ముఖం ఎత్తు 190 మి.మీ., వెడల్పు 140, ముక్కు చెంప మట్టం నుంచి 24 మి.మీ. లేవాలి. ముక్కు అడుగున వెడల్పు 34.

మొదటి రేకు 22 గేజి ఇత్తడి, అంటే 0.71 మి.మీ. నేరుగా ముక్కు వెనకే కొట్టుకుంటూ పోయాను. కొన దగ్గర చిరిగింది. చిరుగు అంచున మందం 0.19, చెంప మీద 0.66. ఎందుకైందో లెక్క వేస్తే తేలింది. 17 మి.మీ. వ్యాసార్ధం ఉన్న వృత్తాన్ని 24 ఎత్తు బుడగలా ఉబ్బిస్తే వైశాల్యం దాదాపు మూడింతలవుతుంది. కాబట్టి సగటు మందం మూడో వంతుకు, 0.24కి, పడిపోతుంది. కొన అంతకంటే పలచన. ఆ లోహం ఎంత మంచిదైనా చిరగక ఏం చేస్తుంది?

రెండో రేకు 20 గేజి, 0.91. ఇది మందంగా ఉంది కదా అని పద్ధతి మార్చలేదు, అనీలింగ్ (ఎర్రగా కాల్చి లోహాన్ని మెత్తబరచడం) మాత్రం తొమ్మిది సార్లు చేశాను. ముక్కు మీద నారింజ తొక్కలా గరుకు లేచింది. ఎక్కువ వేడికి లోహంలో రేణువులు పెద్దవైపోయాయన్నమాట. ఎర్రగా ఉండగానే నీళ్ళలో ముంచడం ఇంకో తప్పు. రాగి ఓర్చుకుంటుంది, ఇత్తడి ఓర్చుకోదు. ఎరుపు పూర్తిగా పోయి నల్లబడ్డాకే ముంచాలి.

మూడో రేకుతో పద్ధతి మార్చాను. ముందు ముఖమంతా ఒకే గుమ్మటంగా 36 మి.మీ. లేపాలి. 70 వ్యాసార్ధానికి వైశాల్యం 1.26 రెట్లే అవుతుంది కాబట్టి 0.91 రేకు మందం 0.72 దగ్గర ఆగుతుంది. తర్వాత తిప్పి, ముందు వైపు నుంచి కంటి గుంటలు, చెంపల పక్కలు దించుకుంటూ వస్తే ముక్కు దానంతట అది మిగులుతుంది. మన పెంబర్తి ఇత్తడి రేకు పని దగ్గరగా చూసినవారికి ఈ వరస కొత్త కాదు. ఆ రేకు పాడైంది బంక వల్ల, అంటే కొట్టేటప్పుడు రేకు వెనక ఆనికగా ఉండే ముద్ద వల్ల. కిలో బిరోజాకు కిలో ఇటుక పొడి, 40 గ్రాముల ఆవనూనె కలిపాను. గట్టిపడిపోయి రేకు వెనక గాలి ఖాళీ మిగిలింది. దాని మీద ఉలి పడగానే బొక్క. ఇప్పుడు నూనె 70 గ్రాములు వేస్తున్నాను, గోటితో నొక్కితే గుర్తు పడేలా. ఎండాకాలంలో గది 38 డిగ్రీలుంటే 50 చాలు. బిరోజా అంటే హిమాచల్ కొండల్లోని చీర్ పైన్ బంక నుంచి వచ్చేదే. సినిమా సెట్ల సరుకు అమ్మే చోట దొరికే కల్తీ గుగ్గిలం కంటే వెయ్యి రెట్లు నయం.

ఇక నాలుగోది. గుమ్మటం బాగా వచ్చింది. చెంప 0.70, ముక్కు కొన 0.46, ఇంతకుముందు ఎన్నడూ ఇంత మందం మిగల్లేదు. పగిలిన గీత దగ్గర మాత్రం 0.27. నాకు తోస్తున్న కారణాలు మూడు.

ఒకటి, ఉలి అంచు. పుట గీత దించడానికి వాడినది 0.6 మి.మీ. మందం. అది రేకును వంచే బదులు కోసినంత పని చేసింది. అంచు 1.5 వరకు గుండ్రం చేసి, అద్దంలా మెరుగు పెట్టాలి.

రెండు, ఆ గీత దగ్గర లోహం ముందు బయటికి సాగింది, తర్వాత అదే చోట 4 మి.మీ. లోపలికి దిగింది. రెండు దిక్కుల పని ఒకే చోట పడితే బిగుసుకుపోతుంది. తిప్పిన ప్రతిసారీ అనీలింగ్ చేయాలి. బంక నుంచి ఊడదీయడానికి బద్ధకించి ఒకసారి మానేశాను.

మూడోదే అసలు కారణమని నా నమ్మకం. మంట పెట్టినప్పుడు పలచనైన ముక్కు ముందు ఎర్రబడుతుంది. అది చూసి మంట తీసేస్తాం. చెంపలు మాత్రం ఇంకా గట్టిగానే ఉంటాయి. తర్వాత కొట్టిన ప్రతి దెబ్బకూ మెత్తబడిన పలచటి చోటే సాగుతుంది, మందమైనది కదలదు. పలచన ఇంకా పలచనవుతుంది. ఇకనుంచి మంట అంచుల నుంచి మొదలుపెట్టి, చెంపలు మసక ఎరుపుకు వచ్చాక చివరి నాలుగైదు క్షణాలే ముక్కు మీదికి తేవాలి. గదిలో దీపాలు ఆర్పాలి. వెనక అంటిన బంకను టర్పెంటైన్‌తో ముందే తుడవాలి, లేదంటే ఆ మసి ఎరుపును కనబడనివ్వదు.

వెండి టాంకా (అతుకు లోహం) వేసి చీలిక మూయబోయాను. వెలిగారం కరిగేలోపే 0.27 అంచు కాలి కంత ఇంకా పెద్దదైంది. అతుకు వేసిన రేకును మళ్ళీ సాగదీయాలనుకోవడమే తప్పు.

రేకు కొనేటప్పుడు 70/30 ఇత్తడి (70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు) అని గట్టిగా అడగండి. లేత్ పనికి వాడే ఇత్తడిలో సీసం ఉంటుంది, సుత్తి కింద పెళుసుగా విరుగుతుంది. మందానికి బంతి మొన ఉన్న మిటుటోయో మైక్రోమీటరు వాడుతున్నాను. వంపు లోపల మామూలు వెర్నియర్ కొలత అబద్ధం చెబుతుంది.

ఐదో రేకుకు ముందు 60 మి.మీ. బిళ్ళలు ఆరు కోసి, ఒక్క ముక్కుపుట గీతే చేస్తాను. 0.6, 1, 1.5 అంచులతో రెండేసి, ఎన్ని దెబ్బలకు ఏది పగులుతుందో లెక్క రాసుకుంటాను. అప్పటికీ లొంగకపోతే రాగికి మారతాను. నేపాల్‌లో పాటన్ పనివాళ్ళు ఎత్తు పనికి రాగినే పట్టుకున్నారంటే ఊరికే కాదు, సుత్తి కింద అది ఇత్తడి అంత త్వరగా బిగుసుకుపోదు. పాదరసంతో వేసే బంగారు పూత మాత్రం వద్దు, ఆ పొగ ఇంట్లో పెట్టుకునేది కాదు.

పోత వైపు కూడా మనసు లాగుతోంది. హిమాచల్‌లోనే చంబా జిల్లా భర్మౌర్‌లో మేరువర్మ రాజు కాలపు లక్షణాదేవి ఇత్తడి విగ్రహం, పీఠం మీద శిల్పి గుగ్గ పేరుతో సహా, సుమారు 1,300 ఏళ్ళుగా నిలిచి ఉంది. అరచేయంత మైనపు నమూనాతో మొదలుపెట్టాలి. ఈలోగా పగిలిన నాలుగో రేకు కింది అంచు ఖాళీగా ఉంది. పాత మోహ్రాల అంచున ఉండే టాక్రీ (ఆ కొండల పాత లిపి) అక్షరాలు చెక్కడం దాని మీదే నేర్చుకుంటాను.