ఎర్ర సున్నాలు, నీలం సున్నాలు

మా వంటింటి తలుపు వెనక క్యాలెండర్లో, నాకు ఫిట్స్ వచ్చిన తారీఖు చుట్టూ అమ్మ ఎర్రపెన్నుతో సున్నా చుట్టేది. నెలకి మూడు, నాలుగు. లెవెటిరాసెటమ్ మాత్రలు మొదలయ్యాక నాలుగు నెలలు ఒక్క సున్నా లేదు. సింహాచలం అప్పన్నకి మొక్కు కూడా తీర్చేసింది.

నేను మాత్రం మంచం దిగడం లేదు.

గాజువాకలో లేత్ మెషిన్ మీద పనిచేసేవాణ్ణి. అక్కడే ఒకసారి పడిపోయాను. తెలివొచ్చేసరికి చేతిలో ఎవరిదో తాళాల గుత్తి, మర్నాటి నుంచి పని లేదు. (తాళాలకి ఫిట్స్ ఆగవు. పక్కకి తిప్పి పడుకోబెట్టి టైము చూడాలి, 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.) ఆ దిగులుకి తోడు కోపం. పప్పులో ఉప్పు తగ్గిందని కంచం గోడకేసి కొట్టాను. మరక ఇప్పటికీ ఉంది. "ఫిట్స్ రాటం లేదు కదరా, ఇంకేటి?" అని అమ్మ ఏడ్చింది. ఏటో నాకూ తెలీదు.

తర్వాతిసారి డాక్టరుగారికి అమ్మ కంచం సంగతి చెప్పేసింది. ఆయన ఓ కాగితం ఇచ్చారు. గత రెండు వారాల గురించి ఆరు ప్రశ్నలు. నాలుగోది, చచ్చిపోతే నయం అనిపిస్తోందా అని. పెన్ను పట్టుకుని అమ్మ వైపు చూశాను. సంచిలో పాత రిపోర్టులు వెతుక్కుంటోంది. గబుక్కున టిక్కు పెట్టేశాను.

నేను వేసుకుంటున్న ఆ ఫిట్స్ మాత్ర కొందరికి కోపం తెప్పిస్తుందట. దిగులు వేరే జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరికి ఉంటుందట. సైకియాట్రిస్టు అనగానే అమ్మ, "చినవాల్తేరా బాబూ?" అంది. మా విశాఖలో ఆ పేరెత్తితే పిచ్చాసుపత్రే. "కాదమ్మా, పక్క గదికే," అన్నారాయన.

మాత్ర మార్చారు. ఒంటి మీద దద్దుర్లు లేస్తాయని లామోట్రిజిన్ వారాల తరబడి కొంచెం కొంచెం పెంచారు, పాతది అలాగే తగ్గించారు. దిగులుకి ఇంకో మాత్ర. దాంతో ఫిట్స్ తిరగబెడతాయేమోనని భయపడ్డాను గానీ, ఈ రకానికి, ఈ డోసుకి ఆ భయం అక్కర్లేదన్నారు. వారానికోసారి కూర్చోబెట్టి మాట్లాడించేవారు. నెలదాకా ఏ మార్పూ లేదు. ఆరో వారం బీచ్‌లో మురీ మిక్చర్ తింటుంటే పచ్చిమిరపకాయ నషాళానికంటింది. నాలిక్కి ఏదైనా తెలిసి ఎన్నాళ్ళయిందో!

ఇప్పుడు అమ్మ దగ్గర నీలం పెన్ను కూడా ఉంది, నేను అరిచిన రోజులకి. కిందటి నెల ఎరుపు ఒకటి, నీలం రెండు. అందులో ఒక నీలం అన్యాయం. ఆవేళ అరిచింది ఆవిడే.