డీజిల్ పికప్ అసలు మైలేజీ తేల్చుకున్న తీరు: నా అనుభవం

డాష్‌బోర్డు మీద కనిపించే అంకెను నమ్మి దూర ప్రయాణానికి డీజిల్ లెక్క వేసుకునేవాళ్ళ కోసం రాస్తున్నా. నాది 2.8 లీటర్ల డీజిల్ ఇంజన్, ఆటోమేటిక్, పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్. లీటరుకి నిజంగా ఎంత ఇస్తుందో ఇన్నాళ్ళకి తేలింది. అదేమంత పెద్ద పని కాదు, మధ్యలో సర్వీస్ సెంటరు వాళ్ళు తలదూర్చకపోతే.

ముందు దూరం సరిచేసుకోవాలి. కంపెనీతో వచ్చిన 265/65 ఆర్17 టైరు వ్యాసం 776 మి.మీ. నేను వేయించిన 265/70 ఆర్17 అయితే 803. అంటే ఓడోమీటర్ 100 చూపించేసరికి బండి 103.4 కి.మీ. తిరిగినట్టు. జీపీఎస్ పెట్టి ఒకసారి సరిచూసుకుంటే చాలు.

తర్వాత ట్యాంకు. డీజిల్‌కి నురగ ఎక్కువ. నాజిల్ టక్కున ఆగిందంటే ట్యాంకు నిండిందని కాదు, నురగ వచ్చి తగిలిందని. లారీలకు కొట్టే వేగపు పంపు దగ్గర ఇది మరీ ఎక్కువ. ట్రిగ్గరు సగమే నొక్కమనాలి, ఆగాక నురగ దిగేదాకా చూసి మళ్ళీ కొట్టించాలి, రెండోసారి ఆగినప్పుడు ఆపేయాలి. మొదటిసారి ఎలా కొట్టిస్తే తర్వాత కూడా అలాగే: అదే పంపు, బండి అదే వైపు తిప్పి. రెండు లీటర్లు అటూ ఇటూ అయితే 50 లీటర్ల లెక్కలో 4 శాతం తప్పు. వరసగా రెండు మూడు ట్యాంకులు కలిపి లెక్కేస్తే ఆ తప్పు పలచబడుతుంది.

ఒక ట్యాంకు లెక్క చూడండి. ఓడోమీటర్ 520 కి.మీ., టైరు సవరణతో 538. పట్టిన డీజిల్ 49.8 లీటర్లు. అసలు మైలేజీ 10.8. డాష్‌బోర్డు 11.2 అంది. కానీ దానికి తెలిసిన దూరం 520 మాత్రమే, అంటే దాని దృష్టిలో కాలింది 46.4 లీటర్లే. మూడు లీటర్ల పైచిలుకు డీజిల్‌కి లెక్క లేదు.

ఆ మూడు లీటర్ల సంగతి అడగడమే నేను చేసిన నేరం. సర్వీస్ అడ్వైజరు ఫోన్‌లో ఏదో యాప్ తెరిచి, ఓబీడీ పోర్టుకి (బండి కంప్యూటర్‌ని చదివే సాకెట్) చిన్న బ్లూటూత్ ముక్క తగిలించి, ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజన్ మాత్రం ఆన్‌లో ఉన్నప్పుడు) గంటకి 2.9 లీటర్లు తాగుతోందన్నాడు. ‘ఇంజెక్టర్లు నాలుగూ పోయాయి సార్. పైగా మీరు తొక్కే తీరు కూడా...’ అని పక్కనున్న కుర్రాడి వైపు చూసి నవ్వాడు. నాలుగు ఇంజెక్టర్లకి (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే భాగాలు) కొటేషన్ కూడా చేతిలో పెట్టాడు.

ఆ 2.9 ఎక్కడిదో వివరంగా చెబుతాను, మీకూ ఎవరో ఒకరు ఇదే చెబుతారు. ఇలాంటి యాప్‌లు చాలావరకు డీజిల్‌ని కొలవవు. ఇంజన్ పీల్చే గాలిని ఎంఏఎఫ్ సెన్సర్ (లోపలికి పోయే గాలి బరువు కొలిచేది) నుంచి చదివి 14.7తో భాగిస్తాయి. అది పెట్రోలు ఇంజన్‌లో గాలికీ ఇంధనానికీ ఉండే నిష్పత్తి. డీజిల్ ఇంజన్‌కి గాలి ఎప్పుడూ మిగులే. ఐడిల్‌లో ఒక పాలు డీజిల్‌కి యాభై పాళ్ళ గాలి పోవచ్చు. నా బండి ఐడిల్‌లో సెకనుకి 10 గ్రాముల గాలి పీలుస్తుంది. 14.7తో భాగించి గంటకి లెక్కేస్తే సరిగ్గా ఆ 2.9 లీటర్లే వస్తాయి.

అసలు లెక్క ఇదీ. ఇంజెక్షన్ పరిమాణాన్ని మిల్లీగ్రాముల్లో చూపించే స్కానర్ కావాలి. నాది ఐడిల్‌లో స్ట్రోక్‌కి, అంటే ఒక్కసారి చిమ్మినప్పుడు, 8 మి.గ్రా. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్ 750 ఆర్‌పీఎం మీద నిమిషానికి 1500 సార్లు డీజిల్ చిమ్ముతుంది. 8 × 1500 = 12 గ్రాములు, గంటకి 720 గ్రాములు. లీటరు 840 గ్రాముల లెక్కన 0.86 లీటరు. ఇంజెక్టర్ల మీద అనుమానం ఉంటే స్కానర్‌లో సిలిండర్ వారీ కరెక్షన్ విలువలు (ఒక్కో ఇంజెక్టరుకి కంప్యూటర్ చేసే సర్దుబాటు) చూడాలి, లేదా రిటర్న్ పైపులు (మిగులు డీజిల్‌ని వెనక్కి పంపేవి) నాలుగు సీసాల్లోకి వదిలి ఏది ముందు నిండుతుందో చూడాలి. నావి నాలుగూ సమానంగా నిండాయి. కొటేషన్ మాత్రం దాచుకున్నా, నవ్వుకోడానికి.

మరి ఆ మూడు లీటర్లు? కొంత ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) అంచనాలో తేడా. మిగతాది డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) శుభ్రపరుచుకునేటప్పుడు పోయేది. ఫిల్టర్‌ని 600 డిగ్రీల దాకా వేడెక్కించడానికి అదనంగా డీజిల్ చిమ్ముతుంది. కొన్ని బళ్ళ డాష్‌బోర్డు దాన్ని సరిగ్గా కలుపుకోదు. ఆ సమయంలో ఐడిల్ కాస్త పెరుగుతుంది, బండి కింద వేడి వాసన వస్తుంది, స్టార్ట్-స్టాప్ పనిచేయదు. మధ్యలో తాళం తీసేస్తే పని సగంలో ఆగుతుంది, మళ్ళీ మొదలుపెట్టాలి, కాలని డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగిందంటే సంతోషించకండి, ఆయిల్ మార్చండి. పది నిమిషాల తిరుగుళ్ళు తిరిగే బండికి ఈ జబ్బు తప్పదు.

వేగం గురించి ఒక్క మాట. 80 నుంచి 110కి వెళితే గాలి అడ్డు 1.9 రెట్లవుతుంది. పైన టెంటు, ర్యాక్ ఉంటే ఇంకా దారుణం. టెయిల్‌గేట్ దించితే మైలేజీ పెరుగుతుందనేవాళ్ళ మాట వినకండి. మూసి ఉంచితేనే ట్రేలో గాలి సుడి తిరిగి నిలబడి, పైనుంచి వచ్చే గాలిని సాఫీగా జారనిస్తుంది.

ఆఫ్‌రోడ్‌లో మైలేజీ అనే మాటకే అర్థం లేదు. కంపెనీ అంకెలు రోలర్ల మీద తీసినవి. డబ్ల్యూఎల్‌టీపీ (మైలేజీ కొలిచే ఒక ప్రామాణిక పద్ధతి) పరీక్ష మొత్తం 30 నిమిషాలు, 23 కి.మీ., అందులో బురదా లేదు, ఫోర్ లో గేరూ (నాలుగు చక్రాల్నీ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిప్పేది) లేదు. ఆఫ్‌రోడ్‌లో డీజిల్‌ని గంటల్లో లెక్కేసుకోవాలి. నా బండి ఫోర్ లోలో రాళ్ళ దారిన గంటకి 4.5 లీటర్లు తాగుతుంది, 8 కి.మీ. వేగంతో చూస్తే లీటరుకి 1.8. ఇసుకలో ఫోర్ హైలో (మామూలు వేగపు ఫోర్ వీల్ డ్రైవ్) గంటకి తాగేది దానికి రెట్టింపు, అదీ టైర్లలో గాలి 16–18 పీఎస్‌ఐకి దించాకే; దించకపోతే ఇంకా పైన. కాబట్టి దారి ఎన్ని గంటలో చూసుకుని, దాన్ని గంటకి తాగే లీటర్లతో గుణించి, మూడో వంతు అదనంగా డబ్బాల్లో పెట్టుకోండి. రోడ్డెక్కే ముందు టైర్లలో గాలి మళ్ళీ పట్టించుకోవాలి, కాబట్టి కంప్రెసర్ కూడా.